మా బాబు తన ఒంటికే భయపడుతున్నాడు

పేరు రాయవద్దన్న ఒక తల్లి ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు ఇద్దరు పిల్లలు. అమ్మాయికి 13 ఏళ్లు, అబ్బాయికి 9. నాలుగు నెలల కిందట అబ్బాయి విపరీతంగా నీళ్లు తాగడం, రాత్రుళ్లు పదేపదే బాత్రూమ్‌కి లేవడం, ముఖం పీక్కుపోవడం మొదలైంది. ఎదిగే వయసు, ఆటల్లో అలిసిపోతున్నాడు అనుకున్నారు. ఒకరోజు వాంతులు, కడుపునొప్పి, ఆయాసంతో హాస్పిటల్లో చేర్చాల్సి వచ్చింది. టైప్ 1 డయాబెటిస్ అన్నారు. అప్పట్నుంచి రోజూ ఇన్సులిన్ ఇంజెక్షన్లు.

"నాకే ఎందుకొచ్చింది?" అని బాబు అడిగితే వాళ్ల నాన్న ఒక కథ చెప్పాడు. ఒంట్లో సైనికులు ఉంటారు, క్రిములతో యుద్ధం చేస్తారు, వాళ్లు పొరబాటున నీ పాంక్రియాస్‌నే (క్లోమ గ్రంథినే) శత్రువు అనుకుని నాశనం చేశారు అని. ఆ రోజు బాబు బుద్ధిగా తలూపాడు. ఆ తర్వాతే తంటా మొదలైంది. సైనికులు ఈసారి గుండె మీదికి వస్తారని రాత్రి నిద్రపోవడానికి భయం. మధ్యరాత్రి చెమటతో లేచి కూర్చుని "వచ్చేశారు, గుండె కొట్టుకుంటోంది" అని ఏడుస్తాడు. టీకా వేయించుకోనంటాడు, వేయించుకుంటే సైనికులకు బలం వస్తుందట. జలుబు చేస్తే మాత్రం సంతోషం, సైనికులు అటు పోతారని.

బళ్లో పక్కన కూర్చునే పిల్లవాడు "నాకూ అంటుకుంటుందేమో" అని జరిగి కూర్చున్నాడు. అక్క తీపి పూర్తిగా మానేసి, తమ్ముడి మీటరుతో తన వేలు గుచ్చుకుని చూసుకుంటోంది. అత్తగారు "తీపి అంతలా పెడితే రాదా మరి" అంటున్నారు. ఆడపడుచు ఒక పొడి తెచ్చిచ్చింది. ఈ మధ్య ఇన్సులిన్ డోసు దాదాపు సగానికి తగ్గడంతో అదంతా పొడి మహిమేనని, ఇక ఇంజెక్షన్లు ఆపేద్దామని అంటోంది. భర్త కూడా అటే మొగ్గుతున్నాడు. పైగా "చిన్నపిల్లాడికి సైన్సంతా ఎందుకు, పెద్దయ్యాక వాడికే తెలుస్తుంది" అంటున్నాడు.

"వాడికి ఎంతవరకు చెప్పాలి? బళ్లో చెప్పాలా వద్దా? అమ్మాయికి టెస్టు చేయించాలా? ఇంజెక్షన్లు ఆపొచ్చా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

సమాధానం

అమ్మా, మీరు చివర్న అడిగిన దానికి ముందు జవాబు చెప్తాను. ఇంజెక్షన్లు ఆపకండి. ఒక్కరోజు కూడా. మిగతా విషయాల్లో ఇలా చేయొచ్చు, అలా చేయొచ్చు అని రెండు మూడు దారులు చూపిస్తాను గానీ ఈ ఒక్కదాంట్లో రెండో దారి లేదు.

డోసు తగ్గిన మాట నిజం. మీ ఆడపడుచు అబద్ధం చెప్పడం లేదు. కారణం మాత్రం పొడి కాదు. బాబుకు జబ్బు బయటపడే నాటికి ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు చాలావరకు పోయి ఉంటాయి గానీ అన్నీ పోవు. రక్తంలో గ్లూకోజు హద్దు దాటి పెరిగిన ఆ వారాల్లో, మిగిలిన కణాలు కూడా చతికిలపడతాయి. బయటినుంచి ఇన్సులిన్ అందేసరికి వాటికి కాస్త తెరిపి దొరుకుతుంది, మళ్లీ కొంత తయారు చేయడం మొదలుపెడతాయి. అందుకే బయటినుంచి ఇచ్చేది తగ్గించగలిగారు. డాక్టర్లు దీన్ని హనీమూన్ దశ అంటారు. పొడి తిన్న పిల్లల్లోనూ, తినని పిల్లల్లోనూ ఇది వస్తుంది. కొందరికి వారాలు, కొందరికి నెలలు, కొద్దిమందికి ఏడాది దాటి కూడా ఉంటుంది. అసలు రానివాళ్లూ ఉన్నారు. తర్వాత మిగిలిన ఆ కణాలు కూడా తగ్గిపోతాయి, డోసు మళ్లీ పెరుగుతుంది. ఆ పెరిగే రోజు వచ్చినప్పుడు "మేమేదో తప్పు చేశాం" అని మీరు మళ్లీ కుమిలిపోకుండా ఇప్పుడే చెప్తున్నాను.

ఇన్సులిన్ పూర్తిగా ఆగితే ఏమవుతుందో మీరు ఒకసారి కళ్లారా చూశారు. రక్తం నిండా గ్లూకోజు ఉన్నా కణాలు దాన్ని వాడుకోలేవు. ఆకలితో ఉన్నట్టే ఒళ్లు కొవ్వును కరిగించుకుంటుంది. అలా కరిగేటప్పుడు పుట్టే కీటోన్లు పేరుకుపోయి రక్తాన్ని ఆమ్లంగా మారుస్తాయి. ఆ వాంతులు, కడుపునొప్పి, ఆయాసం అన్నీ దానివల్లే. రోజుల్లోనే, ఒక్కోసారి గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. మీ ఆయనకు ఈ పేరా చదివి వినిపించండి.

పొడి గురించి ఇంట్లో గొడవ పెట్టుకోవడం ఒక దారి. దానివల్ల ఆడపడుచు మీకు దూరమవుతుంది, మీకు తెలియకుండా బాబుకు ఇచ్చే అవకాశం కూడా ఉంటుంది. ఇంకో దారి, పొడి ప్రస్తుతానికి ఆపి, డబ్బాతో పాటు ఆమెను కూడా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం. ఇలాంటి పొడుల్లో ఏమేం కలిపారో మనకు తెలియదు. గ్లూకోజును తగ్గించే మందు అందులో ఉంటే, ఇన్సులిన్‌తో కలిసి గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఈ మాట మీరు చెప్తే గొడవ, డాక్టరు చెప్తే సలహా. ఆడపడుచులతో వ్యవహారం ఎక్కడైనా అంతే.

గ్లూకోజు పడిపోవడం అన్నాను కాబట్టి, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆపిన వాక్యం దగ్గరికి వస్తాను. మధ్యరాత్రి చెమటతో లేస్తున్నాడు, గుండె దడదడలాడుతోందంటున్నాడు. మీరు దాన్ని కథవల్ల పుట్టిన భయంగా చూశారు. కావచ్చు. కానీ రాత్రిపూట గ్లూకోజు పడిపోయినా సరిగ్గా ఇలాగే ఉంటుంది. గ్లూకోజు తగ్గగానే మెదడు గుర్తుపట్టి అడ్రినలిన్‌ను విడుదల చేయిస్తుంది. అది కాలేయంలో దాచుకున్న గ్లూకోజును బయటికి తీయిస్తుంది. దాంతోపాటే చెమట, వణుకు, గుండెదడ, పీడకలలు. పాపం, ఆ పిల్లవాడి గుండె నిజంగానే వేగంగా కొట్టుకుంటూ ఉండవచ్చు, వాడి దగ్గర ఉన్న ఏకైక వివరణ సైనికుల కథ. సొంత ఇన్సులిన్ కొంత తయారవుతున్న ఈ దశలో, డోసు కాస్త ఎక్కువైనా ఇలా పడిపోయే వీలుంది.

ఈసారి అలా లేస్తే ఊరుకోబెట్టే లోపలే మీటరుతో చూడండి. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటే అది లో షుగర్. డాక్టరు చెప్పిన మోతాదులో గ్లూకోజు గానీ పండ్ల రసం గానీ ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. ఆ అంకె, టైము రాసిపెట్టుకుని మర్నాడే డాక్టరుకు ఫోన్ చేయండి, డోసు వాళ్లు మారుస్తారు. అంకె మామూలుగా ఉంటే అది భయమే అని తేలుతుంది, ఆ సంగతి బాబుకు కూడా చూపించవచ్చు. చర్మం మీద అతికించి నిరంతరం గ్లూకోజు కొలిచే సెన్సర్లు ఉన్నాయి, తక్కువైతే అలారం మోగుతుంది. మీకు అందుబాటులో ఉంటే మీ అందరి నిద్రకూ మంచిది. లేకపోతే కొన్నాళ్లపాటు మీరూ మీ ఆయనా వంతులు వేసుకుని రాత్రి రెండు మూడు గంటల వేళ ఒకసారి చూడాల్సి ఉంటుంది. కష్టమే, కాదనను.

ఇక సైనికుల కథ. దీన్ని మీ ఆయన కనిపెట్టలేదు. పిల్లలకు రోగనిరోధక వ్యవస్థ గురించి చెప్పేవాళ్లలో ఎక్కువమంది అదే చెప్తారు. క్రిములు, జలుబు వరకు అది బాగానే నడుస్తుంది. మన ఒంటి కణాలే మన మీద పనిచేసిన జబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పిల్లవాడికి భయం తప్ప ఏమీ మిగలదు. సైనికుడికి మనసుంటుంది, ఉద్దేశం ఉంటుంది, ఒక కోట పట్టుకున్నాక ఇంకో కోట మీదికి వెళ్తాడు. మరి బాబు అనుకున్నదాంట్లో తప్పేముంది? పాంక్రియాస్ అయింది, తర్వాత గుండె. టీకా వేస్తే సైన్యానికి బలం. జలుబు చేస్తే సైన్యం ముక్కు వైపు వెళ్తుంది. చెప్పిన కథను పట్టుకుని ఎంత చక్కగా తర్కించాడో చూడండి. జలుబు సంగతి చదివి నేను నవ్వుకున్నాను కూడా. ఇలాంటి బుర్రకు అసలు విషయం ఎక్కదేమోనని మీరు భయపడనక్కర్లేదు.

అసలు జరిగేది ఇదీ. తెల్ల రక్తకణాల్లో టి-కణాలు అని ఒక రకం ఉన్నాయి. వాటికి కళ్లు లేవు, కోపం లేదు, ఆలోచన లేదు. ఒక్కో టి-కణం ఉపరితలం మీద ఒక ప్రత్యేకమైన ఆకారంలో గ్రాహకాలు, అంటే తాకి గుర్తుపట్టే భాగాలు, ఉంటాయి. ఇతర కణాలు తమ లోపల తయారయ్యే ప్రొటీన్ల ముక్కలను పైకి తెచ్చి పెట్టుకుంటాయి. టి-కణం వాటిని తాకుతూ పోతుంది. చీకట్లో గుమ్మం దగ్గర చెప్పుల కోసం కాలితో తడుముకోవడం లాంటిది ఇది, సరిపోతే ఆగుతుంది, సరిపోకపోతే సాగిపోతుంది. ఇంకొకరి చెప్పులు అదే సైజులో ఉంటే అవీ సరిపోతాయి. పొరబాటు జరిగేది అక్కడ.

ఈ పొరబాటు జరగకుండా ఒంట్లో ఏర్పాటు ఉంది. రొమ్ము ఎముక వెనకాల థైమస్ అనే గ్రంథి ఉంటుంది. టి-కణాలు తయారీ చివరి దశలో అక్కడ పరీక్షకు నిలబడతాయి. మన సొంత ముక్కలకు గట్టిగా అతుక్కునే వాటిని అక్కడే తీసేస్తారు. తీసేస్తారు అంటే ఎవరో ఉండి కాదు, ఆ కణాలు తమంతట తామే చచ్చిపోతాయి. అయినా కొన్ని తప్పించుకుని బయటపడతాయి. ఇది మీకూ నాకూ అందరికీ ఉన్నదే. వాటిని అదుపులో పెట్టే టి-కణాలు వేరే ఉంటాయి. కొన్ని రకాల జన్యువులు ఉన్నవాళ్లలో, వాటికి ఇంకేదో తోడైనప్పుడు, ఆ అదుపు తప్పుతుంది. ఆ ఇంకేదో ఏమిటన్నది శాస్త్రవేత్తలు ఇంకా వెతుకుతున్నారు. కొన్ని వైరస్‌ల మీద అనుమానం ఉంది.

"గుండె మీదికి రారా?" అన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. ఇన్సులిన్ తయారుచేసేవి బీటా కణాలు. ఆ తయారీకి సంబంధించిన ముక్కలు వాటి మీదే ఉంటాయి. గుండె కణం ఇన్సులిన్ తయారు చేయదు, కాబట్టి ఆ ముక్కలు దాని మీద లేవు. బాబు ఒంట్లోని ఆ టి-కణాలు గుండె పక్కనుంచి వెళ్లినా వాటికి అక్కడ పట్టు దొరకదు. వాటికి ఇంకో కోట కావాలన్న కోరిక ఉండదు, ఎందుకంటే వాటికి ఏ కోరికా ఉండదు. ఈ ఒక్క మాట వాడికి నిద్ర తెప్పించవచ్చు.

పాంక్రియాస్ మొత్తం నాశనమైందని చెప్పడం కూడా సరికాదు. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి, అప్పటికి 21 ఏళ్లవాడు, బెర్లిన్‌లో మైక్రోస్కోప్ కింద పాంక్రియాస్‌ను చూస్తూ, అందులో అక్కడక్కడా చిన్న చిన్న కణాల గుంపులు వేరుగా ఉండడం గమనించాడు. అవి ఏం చేస్తాయో అతనికి అంతుబట్టలేదు. బీటా కణాలు ఉండేది ఆ గుంపుల్లోనే. అన్నీ కలిపినా పాంక్రియాస్ బరువులో నూటికి ఒకటి రెండు వంతులు. మిగతా భాగమంతా అరుగుదలకు కావలసిన రసాలు తయారుచేస్తూనే ఉంటుంది. మీ అబ్బాయిది కూడా ఈ రోజు ఆ పని చేస్తూనే ఉంది.

ఇక్కడ మీకు మాత్రం ఒక సవరణ చెప్పాలి. టైప్ 1 ఉన్న పిల్లల్లో థైరాయిడ్ గ్రంథి మీద, లేదా గోధుమలో ఉండే గ్లూటెన్ వల్ల చిన్నపేగు మీద ఇలాంటి పొరబాటే జరిగే అవకాశం మిగతావాళ్ల కంటే కొంత ఎక్కువ. అవి వేరే టి-కణాలు, వేరే పొరబాట్లు. డాక్టర్లు అందుకే అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయిస్తారు. బాబు భయం కొంత తగ్గేదాకా ఇది వాడి ముందు ఎత్తనక్కర్లేదు. వాడే సూటిగా "ఇంకెక్కడా రాదు కదా?" అని అడిగితే మాత్రం "రాదు" అని ఒట్టు వేయకండి. "డాక్టరు గారు చూస్తూ ఉంటారు, వచ్చినా మందులూ పద్ధతులూ ఉన్నాయి" అనండి.

టీకా సంగతి కూడా దీంతోనే తేలుతుంది. టీకా ఒక క్రిమికి సంబంధించిన ముక్కను చూపిస్తుంది. ఆ ముక్కకు సరిపోయే కణాలే పెరుగుతాయి, అన్నీ కాదు. చిన్నప్పటి టీకాలకూ టైప్ 1కూ సంబంధం ఉందేమోనని చాలా మంది పిల్లల మీద పరిశీలించి చూశారు, సంబంధం కనిపించలేదు. పైగా ఇప్పుడు వాడికి టీకాల అవసరం ఎక్కువే. జ్వరం, జలుబు వస్తే ఒంట్లో పుట్టే కొన్ని హార్మోన్లు గ్లూకోజును పెంచుతాయి, ఇన్సులిన్ చాలక కీటోన్లు పెరగవచ్చు. జబ్బుపడిన రోజు సరిగా తినకపోయినా ఇన్సులిన్ ఆపకూడదు, ఎంత ఇవ్వాలో డాక్టరు దగ్గర ముందే రాయించుకోండి.

ఇదంతా వాడికి ఎలా చెప్పాలి అన్నది అసలు చిక్కు. పెద్దయ్యాక తెలుస్తుందని వదిలేయవచ్చు, మీ ఆయన కోరుకునేది అదే. కానీ కథ ఇప్పటికే టీకా దాకా, నిద్ర దాకా పాకింది. ఖాళీగా వదిలితే వాడే ఇంకో అధ్యాయం రాసుకుంటాడు. లేదా ఒక ఆదివారం కూర్చోబెట్టి బొమ్మలతో సహా అంతా చెప్పేయవచ్చు. మీకు బరువు దిగినట్టు ఉంటుంది, వాడికి సగం గుర్తుండదు, ఇంత పెద్ద మీటింగ్ పెట్టారంటే ఎంత పెద్ద జబ్బో అని టెన్షన్ పడతాడు. నేనైతే వాడు అడిగినప్పుడల్లా అడిగినంతవరకే, కానీ నిజమే చెప్పడం వైపు మొగ్గుతాను. గుండె గురించి అడిగితే గుండె గురించి. సూది ఎందుకు, మాత్ర ఎందుకు లేదు అంటే ఆ సంగతి: ఇన్సులిన్ ప్రొటీన్, మొత్తం 51 అమైనో ఆమ్లాలున్న రెండు గొలుసుల జత, మింగితే కడుపు దాన్ని తిండిలాగే ముక్కలు చేసి అరిగించేస్తుంది. తెలియనిది అడిగితే "నాకు తెలియదు, రాసిపెట్టుకుందాం, డాక్టర్ని అడుగుదాం" అనండి. ఈ దారిలో ఇబ్బంది ఏమిటంటే ప్రశ్నలు మీకు కుదిరిన వేళకు రావు. బడికి టైమైపోతుండగా "నేను చచ్చిపోతానా?" అని అడగొచ్చు. అప్పుడు కూడా కాసేపు ఆగాల్సిందే.

కథను మార్చాల్సింది మాత్రం మీ ఆయనే. "సులువుగా ఉంటుందని అలా చెప్పాను రా, అసలు జరిగేది ఇంకోలా ఉంటుంది" అని ఆయన నోటితో వస్తే చాలు. మీరు సరిదిద్దితే వాడికి నాన్న చెప్పింది నమ్మాలా, అమ్మ చెప్పింది నమ్మాలా అన్న ఇంకో తగాదా మొదలవుతుంది.

వాడికి కథలే కావాలంటే నిజంగా జరిగినవి ఉన్నాయి. 1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయి ఇదే జబ్బుతో మంచం పట్టి ఉన్నాడు. అప్పటిదాకా ఈ జబ్బుకు డాక్టర్లు చేయగలిగిందల్లా తిండి బాగా తగ్గించి పిల్లల్ని మరికొన్నాళ్లు బతికించడమే. ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ పశువుల పాంక్రియాస్ నుంచి తీసిన రసాన్ని జనవరి 11న అతనికి ఎక్కించారు. పెద్దగా పనిచేయలేదు, సూది గుచ్చిన చోట చీము పట్టింది. జేమ్స్ కాలిప్ అనే రసాయన శాస్త్రవేత్త రాత్రింబగళ్లు కూర్చుని దాన్ని శుద్ధి చేశాడు. జనవరి 23న మళ్లీ ఇచ్చారు, ఈసారి గ్లూకోజు దిగింది. లెనార్డ్ ఆ తర్వాత 13 ఏళ్లు బతికాడు. మీ అమ్మాయి ఇంటర్నెట్‌లో వెతికి, అతను 1935లో 26 ఏళ్లకే పోయాడని తమ్ముడికి చెప్పేస్తుంది, కాబట్టి మీరే చెప్పండి: అతను పోయింది న్యుమోనియాతో, పెన్సిలిన్ ఇంకా వాడకంలోకి రాని రోజుల్లో.

ఇంకో సంగతి వాడికి బాగా నచ్చుతుంది. 1982 నుంచి మనిషి ఇన్సులిన్‌ను సూక్ష్మజీవుల చేత తయారు చేయిస్తున్నారు. ఇన్సులిన్ ఎలా తయారుచేయాలో చెప్పే మనిషి జన్యువును ఈ-కొలై అనే బాక్టీరియాలో పెడితే అది కూర్చుని తయారుచేసి ఇస్తుంది. ఈస్ట్‌తో కూడా చేయిస్తారు. క్రిములంటే శత్రువులని నమ్మిన పిల్లవాడికి, తన సూదిలోని మందు ఒక సూక్ష్మజీవి చేతి పని అని తెలిస్తే యుద్ధం కథ దానంతటదే సడలిపోతుంది.

మీ అత్తగారి మాట. పెద్దవాళ్లకు వచ్చే టైప్ 2 ఆవిడ చూసి ఉంటారు. అందులో ఇన్సులిన్ తయారవుతుంది గానీ ఒళ్లు దానికి సరిగా స్పందించదు, బరువు, కదలిక లేని జీవితం, వంశం అన్నీ లెక్కలోకి వస్తాయి. మీ అబ్బాయిది అది కాదు. బీటా కణాల మీద పని జరుగుతోందని చెప్పే యాంటీబాడీలు, జబ్బు బయటపడడానికి నెలల ముందే, చాలాసార్లు ఏళ్ల ముందే రక్తంలో కనిపిస్తాయి. నిరుడు మీరు పెట్టిన తీపికి దీనితో పని లేదు. గర్భంతో ఉన్నప్పుడు మీరు చేసిన పనికీ, చేయని పనికీ నింద వేయడానికి ఆధారం లేదు. దాహం సంగతి ముందే పసిగట్టలేదని బాధపడ్డారు. రక్తంలో గ్లూకోజు సుమారు 180 దాటితే మూత్రపిండాలు దాన్ని ఆపలేక వదిలేస్తాయి, అది నీళ్లను కూడా లాక్కుపోతుంది, అందుకే ఆ దాహం. బయటికి చూస్తే ఆడి వచ్చి నీళ్లు తాగుతున్న పిల్లవాడిలాగే కనిపిస్తాడు. అత్తగారితో వాదన కంటే ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లే ఆటోలో ఆవిడకు కూడా చోటు చూడండి. ఆడపడుచు ఎలాగూ వస్తోంది.

బడి విషయంలో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. టీచర్లకు చెప్పాలా అన్నది ప్రశ్నే కాదు, చెప్పాలి, రాసి ఇవ్వాలి. లో షుగర్ అయినప్పుడు పిల్లవాడు వణుకుతాడు, చెమట పడుతుంది, అకారణంగా చిరాకు పడతాడు, తికమకగా మాట్లాడతాడు. అల్లరి అనుకుని బయట నిలబెడితే ప్రమాదం. వెంటనే గ్లూకోజు ఇవ్వాలి, ఒంటరిగా ఎక్కడికీ పంపకూడదు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, అంబులెన్స్‌ను పిలవాలి. గ్లూకోజును త్వరగా పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్ బళ్లో ఉంచడం వీలవుతుందేమో డాక్టర్ని అడగండి.

పిల్లలకు చెప్పాలా అన్నది మాత్రం బాబును అడిగి తేల్చాల్సిన విషయం. ఎవరికీ చెప్పకపోతే ప్రస్తుతానికి ప్రశాంతత, కానీ వాడు దాక్కుని మీటరు చూసుకోవాలి, పక్కవాడు జరిగి కూర్చుంటూనే ఉంటాడు. క్లాసు మొత్తానికి చెప్తే కొన్నాళ్లు అందరి కళ్లూ వాడి మీదే, ఒకరిద్దరు ఏడిపించవచ్చు, తర్వాత అలవాటైపోతుంది. మధ్యేమార్గం, ఇద్దరు ముగ్గురు స్నేహితులకు చెప్పడం. జరిగి కూర్చున్న పిల్లవాడు వాళ్లలో ఒకడైతే ఇంకా మంచిది. వాడికి చెప్పాల్సింది ఒక్కటే: అంటుకోవాలంటే ఒకరి నుంచి ఒకరికి పోయే క్రిమి ఉండాలి, ఇందులో అది లేదు. ఆ చిన్నవాడు కూడా తనకు తెలిసినంతలో సరిగ్గానే ఆలోచించాడు, వాడి మీద కోపం తెచ్చుకోకండి.

మీ అమ్మాయి నాకు ఎక్కువ బెంగ కలిగిస్తోంది. ఇంట్లో అందరూ తమ్ముడి చుట్టూ తిరుగుతుంటే ఆమె తన ప్రశ్నను నోటితో అడగకుండా వేలితో అడుగుతోంది. ముందుగా, సూది ఎవరిది వాళ్లదే, తమ్ముడు వాడింది తాకకూడదని చెప్పండి. తీపి మానేయడం టైప్ 1ను ఆపదు, కాబట్టి ఆ కఠిన నియమం నుంచి ఆమెకు విడుదల ఇవ్వండి. అంకెలు కూడా చెప్పండి, 13 ఏళ్ల పిల్లకు అర్థమవుతాయి. మామూలుగా సుమారు 300 మందిలో ఒకరికి వచ్చే జబ్బు ఇది. తోడబుట్టినవాళ్లలో నూటికి 5గురి దాకా వస్తుంది. అంటే 95 మందికి రాదు. ఒకే రూపు కవలల్లో కూడా ఒకరికి వస్తే రెండోవాళ్లకు తప్పకుండా వస్తుందని లేదు.

మీటరు ఈ రోజు గ్లూకోజు ఎంతుందో చెప్తుంది, రేపటి సంగతి చెప్పదు. దానికి యాంటీబాడీల రక్తపరీక్ష ఉంది. చేయిస్తే లాభం ఉంది: అవి రెండు రకాలో అంతకంటే ఎక్కువో కనిపిస్తే కొన్నేళ్లలో జబ్బు వచ్చే అవకాశం చాలా ఎక్కువ అని ముందే తెలుస్తుంది, తమ్ముడిలా ఎమర్జెన్సీలో చేరాల్సిన పరిస్థితి తప్పించవచ్చు. తెప్లిజుమాబ్ అనే మందును 2022లో అమెరికాలో అనుమతించారు. యాంటీబాడీలతో పాటు గ్లూకోజులో తేడాలు మొదలైన, 8 ఏళ్లు దాటినవాళ్లలో అది జబ్బును సగటున రెండేళ్ల దాకా వాయిదా వేసింది. పూర్తిగా ఆపదు, అన్ని చోట్లా దొరకదు. నష్టం కూడా ఉంది: ఉన్నాయని తేలితే ఆ పిల్ల ఏళ్లతరబడి ఎదురుచూస్తూ బతకాలి. లేవని తేలినా అది ఎప్పటికీ ఉండే హామీ కాదు. తెలుసుకుంటే నెమ్మదించే మనస్తత్వమా, తెలిస్తే కుంగిపోయే మనస్తత్వమా అన్నది తల్లిగా మీకు తెలుస్తుంది. ఆమెనే అడగండి, తొందరేమీ లేదు. టెస్టు చేయించకపోయినా, అతిగా దాహం, మూత్రం, బరువు తగ్గడం కనిపిస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించాలని ఇప్పుడు ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

రాత్రి అంకెలు సరిగ్గానే ఉండి, కథ మారాక కూడా కొన్ని వారాలపాటు బాబుకు నిద్ర భయం పోకపోతే పిల్లల సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. డయాబెటిస్ చూసే డాక్టర్లకు ఇలాంటివి కొత్త కాదు, వాళ్లే ఎవరినైనా సూచిస్తారు.

"పెద్దయ్యాక తగ్గిపోతుందా?" అని వాడు ఇంకా అడిగినట్టు మీరు రాయలేదు. అడుగుతాడు, డోసు తగ్గుతున్న ఈ రోజుల్లోనే అడుగుతాడు. "తగ్గిపోతుంది" అంటే డోసు పెరిగిన రోజు మీ మాట మీద నమ్మకం పోతుంది. "ఇప్పటికైతే రోజూ ఇన్సులిన్ కావాలి. దీన్ని మాన్పే పని మీద చాలామంది ఉన్నారు, అయినప్పుడు మనకూ తెలుస్తుంది. ఈలోపు నువ్వు ఆడుకోవచ్చు, చదువుకోవచ్చు" అనండి. తర్వాత వాడు ఇంకేమైనా అడుగుతాడేమో కాసేపు ఆగి చూడండి.